పరుగూ, వెయిట్సూ ఒకే వారంలో: కర్నూలులో ఒక హాఫ్ మారథాన్ కేసు

పరిగెత్తేవాళ్లు వెయిట్స్ ఎత్తితే కాళ్లు బరువెక్కుతాయని, వెయిట్స్ ఎత్తేవాళ్లు ఎక్కువ పరిగెత్తితే కండ కరిగిపోతుందని కర్నూలులో చాలామంది గట్టిగా నమ్ముతారు. తెల్లవారుజామున ఔట్‌డోర్ స్టేడియంలో కనిపించే గుంపు వేరు, సాయంత్రం జిమ్ముల్లో కనిపించే గుంపు వేరు. రెండు చోట్లా కనిపించే మనిషి అరుదు. నేను ఫిజియోథెరపిస్టును, స్ట్రెంత్ కోచింగ్ కూడా చేస్తాను. రెండు గుంపులవాళ్లూ నా దగ్గరికి వస్తారు, ఎక్కువగా నొప్పి పుట్టాకే వస్తారు. ఈ కేసు ఒక రన్నర్‌ది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమెకు 39 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు. కేసీ కెనాల్ పక్క రోడ్డు మీద నడకతో మొదలుపెట్టి నాలుగేళ్లలో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) దాకా వచ్చారు. అప్పటికే రెండు హాఫ్‌లు పూర్తిచేశారు, మంచి టైమ్ 2 గంటల 31 నిమిషాలు. రెండుసార్లూ ఒకే కథ. 13, 14 కిలోమీటర్లు దాటగానే కుడి పిక్క పట్టేయడం, ఆ తర్వాత కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి, చివరి కిలోమీటర్లు కొంత నడక, కొంత పరుగు. మంచి టైమ్ వచ్చిన రేసులోనే మొదటి 14 కిలోమీటర్లు కిలోమీటరుకు 6 నిమిషాల 50 సెకన్ల చొప్పున వెళ్లి, మిగిలిన ఏడు కిలోమీటర్లలో 7 నిమిషాల 45 సెకన్లు దాటిపోయారు. రేసు అయ్యాక పది రోజులు మెట్లు దిగడం కష్టమయ్యేదట.

మొదటి రోజే సూటిగా అడిగారు: "రెండూ కలిపి చేస్తే ఏదీ సరిగ్గా రాదంట కదా సార్? పరుగు మానెయ్‌మంటే మానేస్తా గానీ, ఆ మాట ముందే చెప్పండి."

ఆ భయానికి కారణం ఉంది. ఏడాది క్రితం ఆమె ఒక జిమ్‌లో చేరారు. పొద్దున పరుగు ముగించుకుని అటునుంచి అటే జిమ్‌కి వెళ్లేవారు. అక్కడ ట్రైనర్ రెండు, మూడు కేజీల డంబెల్స్ చేతికిచ్చి ఇరవయ్యేసి, ముప్పయ్యేసి రెప్స్ (ఒకే కదలికను ఆపకుండా అన్నిసార్లు) చేయించాడు. లెగ్ డే శనివారం. ఆదివారం పొద్దున లాంగ్ రన్. రెండు నెలల్లో నొప్పి పెరిగింది, పరుగు నెమ్మదించింది, బలం మాత్రం ఏమీ మారలేదు. దాంతో జిమ్ మానేసి ఇంట్లో రాత్రిపూట వంద గుంజీల లెక్కన స్క్వాట్స్ చేయడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఆమె అప్పటిదాకా స్ట్రెంత్ ట్రైనింగ్ అసలు చేయనేలేదు. కాళ్లకు ఓర్పు పని (ఎక్కువసేపు తట్టుకునే పని) మీద ఓర్పు పని పెట్టారు, అంతే. ముప్పై రెప్స్ తేలిగ్గా లాగించగలిగిన బరువు కండను అలసిపోయేలా చేస్తుంది గానీ దాని బలాన్ని పెద్దగా పెంచదు. ఆ అలసటను ఆదివారం 15 కిలోమీటర్లు మోసుకుని పరిగెత్తారు.

పరీక్షల్లో తేలినవి

ఎముక నొప్పితో వచ్చిన రన్నర్ విషయంలో ముందు చూడాల్సింది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే దెబ్బ పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు) ఉందా లేదా అని. ఎముక మీద ఒకేచోట, వేలితో చూపించగలిగేంత చిన్న జాగాలో నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతితే చురుక్కుమన్నా నేను వెయిట్స్ మాటే ఎత్తను, నేరుగా డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. ఈమెకు నొప్పి ఎముక లోపలి అంచు వెంబడి జానెడు పొడవునా పరుచుకుని ఉంది. రాత్రి నొప్పి లేదు. గెంతితే కాస్త ఇబ్బంది తప్ప చురుకు లేదు. అయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాం. ఎక్స్‌రే మామూలుగానే ఉంది. ఎక్స్‌రేలో మొదటి వారాల్లో సన్నటి పగులు కనిపించకపోవచ్చు కాబట్టి డాక్టర్ కూడా చేత్తో నొక్కి చూసిన తర్వాతే ఇది మనవాళ్లు షిన్ స్ప్లింట్స్ అనేదేనని ఖాయం చేశారు.

నేను చూసినవాటిలో అన్నింటికంటే ఎక్కువ విషయం చెప్పింది చాలా మామూలు పరీక్ష. గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమ పూర్తిగా పైకి లేపి దించాలి. రన్నర్ ఎవరైనా ఒక్కో కాలితో 25 దగ్గరికి రావాలని నేను చూస్తాను. ఆమె ఎడమ కాలితో 17, కుడి కాలితో 11 చేశారు. కుడివైపు ఏడోదానికే మడమ సగమే లేస్తోంది. పిక్కలో లోపలి పొరగా సోలియస్ అనే కండ ఉంటుంది. పరిగెత్తేటప్పుడు దాని మీద పడే బలం శరీర బరువుకు 6 నుంచి 8 రెట్లు. 63 కేజీల మనిషికి అది ఎంతో లెక్కేసుకోండి, పైగా కిలోమీటరుకు వందల అడుగులు. ఆ కండ అలసిపోయాక అడుగు దెబ్బను కాలి ఎముకే ఎక్కువగా భరించాల్సి వస్తుంది. సరిగ్గా 13వ కిలోమీటరు తర్వాత నొప్పి రావడం నాకు వింతగా అనిపించలేదు.

రెండో విషయం రక్తపరీక్ష. రన్నింగ్ చేసే మహిళలు ఎవరు వచ్చినా హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) చూపించుకోమంటాను. నెలసరి సక్రమంగా వస్తోందా అని కూడా అడుగుతాను. మొహమాటపడాల్సిన ప్రశ్న కాదది. తిండి చాలక నెలసరి తప్పుతున్న రన్నర్ ఎముకలు బలహీనపడతాయి, అలాంటప్పుడు ప్లాన్ మొత్తం మారిపోతుంది. ఆమెకు నెలసరి సరిగ్గానే ఉంది. హీమోగ్లోబిన్ 11.3, ఫెరిటిన్ 13. మహిళల్లో హీమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఫిజీషియన్ ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగే అలవాటు ఆమెది. కాఫీ, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి దాన్ని రెండు గంటలు వెనక్కి జరిపించాం.

మూడోది ఆమె వాచ్‌లోనే దొరికింది. వారానికి ఐదు పరుగులు, 38 కిలోమీటర్లు. అన్నీ ఒకటే వేగం, కిలోమీటరుకు 7 నిమిషాల అటూ ఇటూ. అంటే రోజూ దాదాపు రేసు వేగమే. తేలిక రోజు అనేదే లేదు. కొత్తగా ఏ పని కలిపినా పట్టడానికి ఆ వారంలో చోటు లేదు.

రెండూ కలిపితే ఏమవుతుంది

ఆమె విన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1980లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ ఒక ప్రయోగం చేశాడు. ఒక గుంపు వారానికి ఐదు రోజులు బరువులు, ఒక గుంపు ఆరు రోజులు ఓర్పు వ్యాయామం, మూడో గుంపు ఆ రెండూ. పది వారాలు. మూడో గుంపువాళ్ల బలం ఏడు వారాల దాకా బరువులు మాత్రమే ఎత్తినవాళ్లలాగే పెరిగి, ఎనిమిదో వారంలో ఆగిపోయి, చివరి రెండు వారాల్లో తగ్గింది. జిమ్ ప్రపంచమంతా దీన్నే పట్టుకుంది. అదే ప్రయోగంలో ఇంకో సగం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: రెండూ చేసినవాళ్ల ఓర్పు సామర్థ్యం ఏమీ దెబ్బతినలేదు. ఓర్పు వ్యాయామం మాత్రమే చేసినవాళ్లతో సమానంగానే పెరిగింది. నష్టపోయింది బలం కోసం చేసేవాడు. రన్నర్ కాదు. పైగా వారానికి పదకొండు కఠినమైన సెషన్లు ఉద్యోగం, ఇల్లు ఉన్న ఏ మనిషీ చేయడు.

రన్నర్లకు దీనివల్ల లాభం కూడా ఉందని తర్వాత తేలింది. నార్వేలో 2008లో మంచి స్థాయి రన్నర్లతో ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు, నాలుగేసి రెప్స్ మాత్రమే చేయగలిగేంత బరువుతో హాఫ్ స్క్వాట్స్ నాలుగు సెట్లు చేయించారు. ఒకే వేగంతో పరిగెత్తడానికి వాళ్లకు కావాల్సిన ఆక్సిజన్ 5 శాతం తగ్గింది. ఒంటి బరువు పెరగలేదు. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మారలేదు. అంటే ఊపిరితిత్తులు, గుండె అవే. కాళ్లు పొదుపుగా పనిచేశాయి. బరువు ఎత్తినప్పుడు కండతోపాటు టెండన్ (కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ) కూడా గట్టిపడుతుంది. గట్టి టెండన్ స్ప్రింగ్‌లా ప్రతి అడుగులో పడిన శక్తిలో ఎక్కువ భాగం తిరిగి ఇస్తుంది. చిన్న డంబెల్‌తో ముప్పై రెప్స్ చేస్తే ఇది రాదు. టెండన్ మారాలంటే బరువు నిజంగా బరువుగా ఉండాలి.

కణాల లోపల ఓర్పు సంకేతం, కండ పెరిగే సంకేతం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయనే వివరణ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. అందులో నిజం ఉంది. కానీ వారానికి మూడు, నాలుగు రోజులు పరిగెత్తే మామూలు మనిషి దగ్గర నేను చూసేది అంతకంటే తేలికైన విషయం: అలసట తీరకముందే ఇంకో కష్టమైన పని పెట్టడం, రెండు పనులకు ఒక పని తిండే తినడం. ఆమెకు ఇదే చెప్పాను. రెండూ కలిపి చేయొచ్చు, కానీ పరుగులో కొంత తీసి ఆ చోటులో బరువులు పెట్టాలి, ఉన్నదాని మీద పేర్చకూడదు.

ఒక పరుగు కాదు, రెండు పరుగులు తీసేయమన్నప్పుడు ఆమె మొహం మాడిపోయింది. ఐదు రోజుల పరుగు ఆమెకు ఇంట్లో గట్టిగా సాధించుకున్న సమయం. పొద్దున ఆ గంట తప్ప రోజంతా ఎవరి కోసమో గడిచిపోతుంది. అందుకే ఆ రెండు రోజుల పొద్దుటి గంటను తీసేయలేదు, కెనాల్ పక్కన నడకగా మార్చాం. సమయం ఆమెదే, దెబ్బ మాత్రం తగ్గింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా

లక్ష్యం ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్. ఫిబ్రవరి రెండో వారంలో మొదలుపెట్టాం. పరుగు వారానికి మూడు రోజులు, 22 కిలోమీటర్లు. రెండు పరుగులు పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో, అంటే కిలోమీటరుకు 8 నిమిషాల పైనే. మొదట్లో ఆమెకు ఇది అవమానంలా అనిపించింది. స్టేడియంలో తనకంటే పెద్దవాళ్లు దాటిపోతుంటే తట్టుకోలేకపోయేవారు. నెల తర్వాత నొప్పి లేకుండా పరుగు ముగిసిన ఉదయాలు వరసగా వచ్చాయి, అప్పటినుంచి ఆ గొడవ లేదు.

నొప్పికి ఒక కొలత పెట్టుకున్నాం. పదికి మూడు దాకా ఫర్వాలేదు, మర్నాడు పొద్దున లేచేసరికి అది తగ్గిపోవాలి. తగ్గకపోతే తర్వాతి పరుగు సగానికి తెగ్గోస్తాం, పిక్కల వ్యాయామం మాత్రం మానం.

జిమ్ వారానికి రెండు రోజులు, ముప్పావు గంట. మొదటి పది వారాలు నేర్చుకోవడానికే. ఛాతీ దగ్గర 8 కేజీల డంబెల్ పట్టుకుని స్క్వాట్, ఖాళీ బార్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కాస్త మడిచి, తుంటి దగ్గర వంగి లేవడం), ఒక కాలు ముందుకు వేసి చేసే స్ప్లిట్ స్క్వాట్, సైడ్ ప్లాంక్. పదేసి రెప్స్, ఇంకో మూడు చేయగలను అనిపించే దగ్గర ఆపడం. పిక్కలకు మాత్రం మొదటి వారం నుంచే ప్రత్యేక శ్రద్ధ. మోకాలు నిటారుగా ఉంచి ఒకటి, కూర్చుని మోకాలు మడిచి ఇంకొకటి. మోకాలు మడిస్తేనే పని ఎక్కువగా సోలియస్ మీద పడుతుంది. రన్నర్లు చేసే పిక్కల వ్యాయామాల్లో ఎక్కువభాగం నిలబడి చేసేవే ఉంటాయి. షిన్ స్ప్లింట్స్ ఉన్నవాళ్లకు కూర్చుని చేసేది వదిలేస్తే అసలు పని వదిలేసినట్టే. కూర్చుని తొడల మీద 15 కేజీల బరువుతో మొదలుపెట్టాం. పైకి రెండు సెకన్లు, కిందికి మూడు సెకన్లు. ఊపుతో లేపితే బరువంతా టెండన్ మీద ఎగిరి పడుతుంది, కండకు పని ఉండదు.

రాత్రి వంద స్క్వాట్స్ మాన్పించాం.

ఎండాకాలమే బలానికి సీజన్

రాయలసీమలో ఉండి ఆగస్టు, సెప్టెంబర్ రేసులకు తయారయ్యేవాళ్లందరితో నేను చెప్పేది ఈ భాగమే. పుస్తకాల్లో, యాప్‌లలో ఉండే ప్లాన్లు చల్లటి దేశాల కోసం రాసినవి. రేసుకు పదహారు వారాల ముందు నుంచి కిలోమీటర్లు పెంచుకుంటూ పోవాలంటాయి. ఆగస్టు నుంచి వెనక్కి లెక్కేస్తే ఆ పెంచే కాలం మే నెలలో పడుతుంది. కర్నూలులో మే నెల అంటే పగలు 40 డిగ్రీల పైన. తెల్లవారుజామున ఐదింటికి కూడా రోడ్డు, గోడలు వేడి వదులుతూనే ఉంటాయి. ఆ వేడిలో గుండె వేగం మామూలు కంటే ఎక్కువగా కొట్టుకుంటుంది, రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు, కోలుకోవడం ఆలస్యమవుతుంది. అప్పుడు కిలోమీటర్లు పెంచడం నాకు అసలు ఇష్టం ఉండదు. అందుకే మన ఎండాకాలాన్ని బరువులకు ఇచ్చేయాలి. వాన చినుకు పడ్డాక కిలోమీటర్లు పెంచుకోవాలి.

ఆమెకు ఇది బాగా కలిసొచ్చింది. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడు వారాలు ఉద్యోగం ఒత్తిడి లేదు, మధ్యాహ్నం కాసేపు పడుకోవచ్చు. బరువు పెంచడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

వారం ఇలా కుదిరింది. మంగళవారం పొద్దున స్టేడియంలో కాస్త వేగంగా పరుగు, అదేరోజు సాయంత్రం ఏడింటికి జిమ్. శుక్రవారం పొద్దున ఐదు కిలోమీటర్లు, సాయంత్రం జిమ్. గురువారం తేలిక పరుగు. ఆదివారం లాంగ్ రన్. మిగతా రోజులు నడక లేదా పూర్తి విశ్రాంతి. కష్టమైన పరుగూ, జిమ్మూ ఒకేరోజు ఎందుకని ఆమే కాదు, ఎవరికి చెప్పినా అడుగుతారు. కష్టాన్ని వారమంతా చల్లేస్తే రోజూ సగం అలసటతోనే లేస్తాం. రెండు రోజుల్లో కుదిస్తే మిగతా ఐదు రోజుల్లో నిజంగా కోలుకోవడానికి జాగా దొరుకుతుంది. రెండింటి మధ్య కనీసం ఆరు గంటలు, మధ్యలో రెండు పూటల తిండి ఉండాలి. ముందు పరుగు, తర్వాత జిమ్, ఎందుకంటే ఆమె సిద్ధమవుతున్నది పరుగుకు. బరువులు ఎత్తిన కాళ్లు మామూలు కావడానికి ఒకటి, రెండు రోజులు పడుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటికి ఒకటిన్నర రోజు వస్తుంది.

రెప్స్ ఐదుకు తగ్గించి, సెట్లు నాలుగుకు పెంచి, బరువు ఎక్కిస్తూ వచ్చాం. సెట్‌కూ సెట్‌కూ మధ్య మూడు నిమిషాలు కూర్చోవాలి. ఆమెకు ఇది అన్నిటికంటే కష్టమైంది. చెమట పట్టకపోతే వ్యాయామం చేసినట్టు అనిపించదు రన్నర్లకు. "ఊరికే కూచోబెడుతున్నారు సార్" అనేవారు. ఆ విశ్రాంతి తగ్గిస్తే బరువు తగ్గించాల్సి వస్తుంది, మళ్లీ పాత డంబెల్ కథకే వస్తాం. జూన్ మొదటి వారానికి స్క్వాట్ 45 కేజీలతో ఐదు, డెడ్‌లిఫ్ట్ 65 కేజీలతో ఐదు రెప్స్ చేశారు. తన బరువు కంటే ఎక్కువ నేలమీద నుంచి లేపిన రోజు ఫోన్ చేసి భర్తకు చెప్పారు. కూర్చుని చేసే పిక్కల వ్యాయామం 40 కేజీలకు చేరింది. పరుగు మాత్రం ఆ ఏడు వారాలూ వారానికి 26 కిలోమీటర్లు దాటనివ్వలేదు.

మే మధ్యలో ఒకరోజు కంగారుగా వచ్చారు. బరువు 63 నుంచి 64.3కి పెరిగింది. "జిమ్‌కి పోయి లావైతాన్నా సార్, ఇదేంది?" నడుం చుట్టుకొలత చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు తగ్గింది. బట్టలు వదులయ్యాయని ఆమె కూడా ఒప్పుకున్నారు. వారానికి రెండు రోజులు బరువులెత్తి, నాలుగు రోజులు పరిగెత్తే మహిళకు ఒళ్లు మగవాళ్లలా పెరగదు. ఇలాంటి వారంలో బలం పెరుగుతుంది, కండ పరిమాణం అంతగా పెరగదు. ఈ భయం వల్లే మన ఊళ్లలో ఎంతోమంది మహిళలు ట్రెడ్‌మిల్ దగ్గరే ఆగిపోతున్నారు. ట్రైనర్లు కూడా వాళ్లకు గులాబీ రంగు డంబెల్ ఇచ్చి పంపిస్తున్నారు. 40 దాటబోతున్న మహిళకు ఎముకల కోసమైనా బరువులు కావాలి. ఈ విషయంలో నేను ఎక్కడా రాజీపడను.

ఆ నెలలోనే ఒక ఎదురుదెబ్బ తగిలింది. బంధువుల పెళ్లికి వెళ్లాల్సి రావడంతో శుక్రవారం జిమ్‌ను శనివారం రాత్రికి మార్చుకుని, ఆదివారం 13 కిలోమీటర్లు పరిగెత్తారు. సోమవారం కుడి కాలి నొప్పి పదికి ఐదు. పెళ్లి హడావుడిలో నిద్రా లేదు, నీళ్లూ తక్కువే. పది రోజులు పరుగును నాలుగేసి కిలోమీటర్లకు దించాం. పిక్కల బరువు సగానికి తగ్గించి కొనసాగించాం. నొప్పి తగ్గిపోయింది. రోజులు కుదరకపోతే జిమ్ వదిలేయాలి గానీ లాంగ్ రన్ ముందు రాత్రికి జరపకూడదు అనే నియమం అప్పటినుంచి ఆమె ఫోన్‌లో వాల్‌పేపర్‌గా ఉంది.

తిండి

ఆమె గుడ్లు తింటారు, మాంసం తినరు. మొదటివారం రాసిచ్చిన తిండి లెక్క చూస్తే రోజుకు ప్రొటీన్ 45 గ్రాముల దగ్గర ఆగింది. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, చారు, రాత్రి జొన్న రొట్టె. రెండు పనులు చేసే శరీరానికి ఒంటి బరువులో కేజీకి 1.4 గ్రాములు, అంటే 90 గ్రాముల దాకా కావాలి. పౌడర్ డబ్బా కొనిపించలేదు. పరుగు అయ్యాక రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు రెట్టింపు, సాయంత్రం జిమ్‌కి ముందు ఉడికించిన శనగలు, రాత్రి రొట్టెతో పనీర్ లేదా పెసల కూర, పడుకునేముందు పాలు. వేరుశనగ చట్నీ ప్రొటీన్ కోసమని ఎక్కువ వేసుకునేవారు. అందులో ప్రొటీన్ కంటే నూనెపాళ్లే ఎక్కువ కాబట్టి చట్నీని చట్నీలాగే తినమన్నాను. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోవడం అలవాటు చేశాం. ఒక కేజీ తగ్గితే దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు. మే నెలలో గంటన్నర పరుగుకు ఆమె 1.2 కేజీలు తగ్గేవారు. ఉప్పేసిన పల్చటి మజ్జిగతో, నీళ్లతో మెల్లగా పూడ్చుకునేవారు.

జూన్ నుంచి రేసు దాకా

బడి తెరిచాక ప్రాధాన్యం తిరగబడింది. వానలు మొదలై పొద్దుటి గాలి చల్లబడింది. వారానికి 26 నుంచి 40 కిలోమీటర్ల దాకా ఆరు వారాల్లో ఎక్కాం. బరువులు అంతే ఉంచి సెట్లు సగం చేశాం. సంపాదించిన బలాన్ని నిలబెట్టుకోవడానికి చాలా కొద్ది పని చాలు, బరువు మాత్రం తగ్గించకూడదు. జిమ్ మొదట్లో రెండు రోజులు, జులై చివరి నుంచి ఒకటే.

శుక్రవారం ఐదు కిలోమీటర్ల బదులు జగన్నాథగట్టు ఎక్కే రోడ్డు మీద ఎత్తు పరుగులు పెట్టాం. హైదరాబాద్ రూట్‌లో ఫ్లైఓవర్లు ఉన్నాయి, చదునైన కెనాల్ రోడ్డు మీద తయారైన కాళ్లకు అవి కొత్త. ఎత్తు మీద పరుగులో వేగం తక్కువ, దెబ్బ తక్కువ, పిక్కలకు పని ఎక్కువ. జిమ్‌లో వచ్చిన బలాన్ని పరుగులోకి మార్చడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి చోటు కర్నూలులో లేదు. దిగేటప్పుడు మాత్రం నడిచే దిగేవారు. దానికి తోడు తాడాట, రెండు కాళ్లతో చిన్న గెంతులు, ఒక్కోసారి ఇరవయ్యేసి.

శ్రావణ మాసం వచ్చింది. శుక్రవారాలు ఆమెకు ఉపవాసం, వరలక్ష్మీ వ్రతం నాడు ఇంట్లో పెద్ద పని. వ్రతం మానమనడం నా పని కాదు, ఖాళీ కడుపుతో గట్టు ఎక్కమనడం మంచి పద్ధతీ కాదు. గట్టు పరుగు గురువారానికి జరిపి, శుక్రవారాన్ని పూర్తి విశ్రాంతిగా పెట్టాం. ఆ వారాల్లోనే ఆమె 17, 19 కిలోమీటర్ల లాంగ్ రన్‌లు నొప్పి లేకుండా ముగించారు. రేసుకు పది రోజుల ముందు చివరి జిమ్ సెషన్, అదీ రెండేసి సెట్లే.

రేసు వారంలో ఒంటికాలి పరీక్ష మళ్లీ చేశాం. ఎడమ 26, కుడి 23. మే నెలలో చేయించిన రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 12.6కి వచ్చింది, ఫెరిటిన్ 34.

టైమ్ 2 గంటల 21 నిమిషాలు. మొదటి 15 కిలోమీటర్లు కిలోమీటరుకు 6 నిమిషాల 38 సెకన్లు, ఆ తర్వాత 6 నిమిషాల 48 సెకన్లు. ఎక్కడా నడవలేదు. నాకు టైమ్ కంటే ఆ రెండు అంకెల మధ్య తేడా ముఖ్యం. పాత రేసులో అది దాదాపు నిమిషం, ఇప్పుడు పది సెకన్లు.

ఈ పది నిమిషాల్లో బరువుల వాటా ఎంత, ఐరన్ మాత్రల వాటా ఎంత, నెమ్మది పరుగుల వాటా ఎంత అని విడదీసి చెప్పడం ఒక్క మనిషి కేసులో కుదరదు. రక్తహీనత తగ్గడం ఒక్కటే చాలు, రన్నర్ వేగం పెరగడానికి. 14వ కిలోమీటరు తర్వాత పిక్క పట్టకపోవడం, ఎముక నొప్పి రాకపోవడం మాత్రం బరువుల పనేనని నా అంచనా, ఎందుకంటే కుడి పిక్క బలం పెరిగిన క్రమంలోనే నొప్పి లేకుండా పరిగెత్తగలిగే దూరమూ పెరుగుతూ వచ్చింది.

ఇదే వారాన్ని అందరికీ అతికించొద్దు. అగ్నివీర్ ర్యాలీకి వెళ్లే కుర్రాళ్లు 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్ రెండింట్లోనూ మార్కులు తెచ్చుకోవాలి. వాళ్లకు బలం, వేగం రెండూ సమానం కాబట్టి కొన్ని రోజులు జిమ్మే ముందు ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. ఎప్పుడూ పరిగెత్తనివాళ్లు రెండూ ఒకే నెలలో మొదలుపెట్టడం కంటే ముందు రెండు నెలలు నడక, పిక్కల వ్యాయామం చేసుకోవడం మేలు.

ఆమె ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతున్నారు, రెండు రోజులు జిమ్. కుడి, ఎడమ పిక్కల మధ్య తేడా ఇంకా ఉంది కాబట్టి కుడికి ఒక సెట్ అదనంగా చేస్తున్నారు. ఫెరిటిన్ మళ్లీ చూడాల్సి ఉంది. ఫుల్ మారథాన్ ఎప్పుడని అడుగుతున్నారు. వచ్చే వేసవి సెలవుల్లో ఇంకో ఏడు వారాలు బరువులు పూర్తయ్యాక ఆ మాట మాట్లాడుకుందామని చెప్పాను.